పాత ఎంజీబీకి కొత్త వెనుక సస్పెన్షన్: మేనల్లుడికి ఉత్తరం

బర్మింగ్‌హామ్

చిరంజీవి మేనల్లుడికి, మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు కొన్న 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టరులో, అంటే ఆ పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారులో, వెనుక లీఫ్ స్ప్రింగులు (ఉక్కు పట్టీల కట్టలు) తీసివేసి, లింకులతోనూ (ఇరుసును శరీరానికి కలిపే కడ్డీలు) కాయిల్ స్ప్రింగులతోనూ (చుట్ట స్ప్రింగులు) సొంతంగా సస్పెన్షన్ కట్టాలని ఉందని, గ్యారేజీలో గ్రైండర్ పట్టుకునే ముందు నా అభిప్రాయం కావాలని వ్రాశావు. కొత్త స్ప్రింగులకు ఎంత గట్టిదనం ఉండాలి అన్న ప్రశ్నతో నీ ఉత్తరం మొదలైంది కాని, అది ఈ పనిలో చివరికి రావలసిన ప్రశ్న. ఇరుసును స్థిరంగా పట్టి ఉంచేది ఏది, ఆ పట్టు కారు శరీరంలో ఏ చోటికి చేరుతుంది అన్న రెండు విషయాలు తేలిన తరువాతే స్ప్రింగుల మాట ఎత్తాలి.

లారీ షెడ్లలో మనవాళ్లు కమాను అనే ఆ లీఫ్ స్ప్రింగు చూడడానికి మొరటుగా ఉన్నా, ఒక్కటే నాలుగు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపుతుంది, పక్కకు జరగకుండా ఆపుతుంది, పికప్ ఇచ్చినప్పుడూ బ్రేకు తొక్కినప్పుడూ ఇరుసు తన చుట్టూ తాను మెలితిరగబోతే దానికి ఎదురు నిలుస్తుంది. ఈ చివరి పనిలోనే దానికి శక్తి చాలదు. బలమైన ఇంజను పెట్టి క్లచ్చు గట్టిగా వదిలితే పట్టీలు ఎస్ ఆకారంలో వంగి, మళ్లీ విడివడి, చక్రాలు నేలమీద దడదడమని ఎగురుతాయి. నీవు దాన్ని తీసివేసిన నిమిషం నుంచి ఆ నాలుగు పనులకూ నాలుగు సమాధానాలు నీ దగ్గర ఉండాలి. కాగితం మీద ఒక పక్క పనులు, రెండో పక్క వాటిని చేసే భాగాలు వ్రాసుకో. ఒకే పనిని రెండు భాగాలు పంచుకుంటున్నట్టు కనిపిస్తే అవి ఒకదానితో ఒకటి పెనుగులాడతాయని, ఏ పనికైనా ఎదురుగా ఖాళీ మిగిలితే దాన్ని కీళ్లలోని రబ్బరు బుష్‌లు మోయవలసి వస్తుందని గ్రహించు.

ఎంజీబీని తయారుచేసిన అబింగ్‌డన్ ఫ్యాక్టరీ వారికి ఈ ఆలోచన తెలియనిది కాదు. 1962లో కారు అమ్మకానికి రాకముందు, నమూనా దశలో కాయిల్ స్ప్రింగులు, ట్రెయిలింగ్ ఆర్మ్‌లు (ఇరుసును ముందు నుంచి పట్టే చేతులు), పాన్‌హార్డ్ రాడ్డు (ఇరుసు పక్కకు జరగకుండా అడ్డంగా పట్టే కడ్డీ) పెట్టి చూసి, చివరకు వాటిని వదిలి లీఫ్ స్ప్రింగులకే వచ్చారు. 1980 వరకు ఐదు లక్షలకు పైగా కార్లు ఆ కమాన్ల మీదే నడిచాయి. నిన్ను వెనక్కు లాగడానికి ఈ మాట చెప్పడం లేదు. లింకులు పెట్టినంత మాత్రాన కారు మెరుగుపడదని, వాటి జ్యామితి, వాటిని పట్టే బ్రాకెట్లు సరిగా ఉంటేనే కమాన్ల కంటే మేలని చెబుతున్నాను.

రెండు వెనుక చక్రాలూ విడివిడిగా కదిలే స్వతంత్ర సస్పెన్షన్ పెట్టాలన్న నీ రెండో ఆలోచనను మాత్రం మానుకో. దానికి డిఫరెన్షియల్‌ను (చక్రాలకు తిప్పుడు పంచే గేర్ల పెట్టె) శరీరానికి బిగించాలి, కొత్త హాఫ్‌షాఫ్టులు (అక్కడి నుంచి చక్రాలను తిప్పే కడ్డీలు), కొత్త హబ్‌లు కావాలి, బూట్ (డిక్కీ) నేల సగం కోయాలి. అంత చేశాక కూడా తారురోడ్డు మీద ఆ తేడా నీకు తెలిసేది తక్కువ. ఉన్న ఇరుసునే ఉంచి, కింద రెండు లింకులు, పైన ఒక్క లింకు, పక్క పట్టుకు ఒక పాన్‌హార్డ్ రాడ్డు పెట్టు. నాలుగు లింకుల పద్ధతిలో పై, కింది లింకులు సమాంతరంగా, సమాన పొడవుతో లేకపోతే, కారు ఒరిగినప్పుడు రెండు పక్కలా ఇరుసు వేర్వేరు కోణాలకు తిరగాలని చూస్తుంది. తిరగలేక గొట్టమే మెలిపడి, కోరని యాంటీ రోల్ బారులా (కారు ఒరగడాన్ని అడ్డుకునే కడ్డీలా) పనిచేస్తుంది. పైన ఒక్కటే లింకు ఉంటే ఆ పేచీయే లేదు.

ఇక బలాల లెక్క. లింకు మందం కంటికి ఆనినంత పెట్టడం మన అలవాటు కాని, ఇక్కడ లెక్క తేలికగానే తేలుతుంది కాబట్టి వేసి చూడు. కింది లింకులు నేలనుంచి 200 మిల్లీమీటర్ల ఎత్తులోనూ, పై లింకు ఇరుసు దగ్గర 400 మిల్లీమీటర్ల ఎత్తులోనూ ఉన్నాయనుకుందాం. టైర్లు నేలను తన్ని కారును ముందుకు నెట్టే బలం 5,000 న్యూటన్లయితే, కింది లింకుల చుట్టూ మొమెంట్లు (బలాన్ని దూరంతో గుణించిన తిప్పుడు) తీసుకున్నప్పుడు పై లింకులోనూ అంతే, అంటే సుమారు 500 కిలోల లాగుడు వస్తుంది. కింది లింకులు రెండూ కలిసి దానికి రెట్టింపు నొక్కుడును మోస్తాయి. బ్రేకు వేసినప్పుడు ఈ దిశలన్నీ తిరగబడతాయి. క్లచ్చు కుదుపులో ఇవి రెండు మూడు రెట్లు పెరుగుతాయని అనుకొని భాగాలు ఎంచుకో. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న అతుకులేని కోల్డ్ డ్రాన్ గొట్టం ఈ కారుకు చాలును. అర అంగుళం యూఎన్ఎఫ్ (సన్న మర రకం) మరలు ఉన్న మంచి రాడ్ ఎండ్లు (కొసన బంతి కీలు ఉన్న ముక్కలు) తీసుకొని, ఒక కొసకు కుడి మర, రెండో కొసకు ఎడమ మర పెట్టుకుంటే, బోల్టు విప్పకుండానే పొడవు సవరించుకోవచ్చు. రాడ్ ఎండు లాగుడుకూ నొక్కుడుకూ తట్టుకుంటుంది కాని వంపుకు తట్టుకోదు. కాబట్టి లింకు మధ్యలో స్ప్రింగు గాని, డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) గాని ఎన్నడూ కూర్చోబెట్టకు.

కారు మామూలు ఎత్తులో నిలబడినప్పుడు కింది లింకులు నేలకు సమంగా ఉండాలి. వాటి ముందు కొస ఇరుసు కొస కంటే పైకి ఉంటే, మలుపులో బయటి చక్రం పైకి లేచే కొద్దీ వెనక్కు జరుగుతుంది, లోపలి చక్రం ముందుకు వస్తుంది, ఇరుసంతా మలుపుకు బయటి వైపు తిరిగి కారు తోక విసురుతుంది.  పై లింకు మాత్రం ముందుకు కొద్దిగా దిగాలి. 450 మిల్లీమీటర్ల పొడవులో 50 మిల్లీమీటర్లు దిగిందనుకో, ఆ గీతను పొడిగిస్తే కింది లింకుల గీతను ఇరుసుకు 1,800 మిల్లీమీటర్ల ముందు కలుస్తుంది. నీ కారు చక్రాల మధ్య దూరం 2,311 మిల్లీమీటర్లు. గురుత్వకేంద్రం ఎత్తు 500 అనుకుంటే, పికప్‌లో వెనుక భాగం కుంగకుండా ఆపే గుణం సుమారు 51 శాతం వస్తుంది. రోడ్డు కారుకు అది మంచి అంకె. నూరు శాతానికి ఎగబాకాలని చూస్తే, బ్రేకు తొక్కినప్పుడు వెనుక చక్రాలు గంతులు వేస్తాయి. చోటు దొరికితే పై లింకును మధ్యగీతకు కొంచెం కుడివైపు జరుపు. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు తిప్పుడు వలన కుడి చక్రం తేలికపడుతుంది, లింకులోని లాగుడు దాన్ని కొంతవరకు తిరిగి నేలకు నొక్కుతుంది.

పాన్‌హార్డ్ రాడ్డును వీలైనంత పొడవుగా, కారు నిలబడిన ఎత్తులో సమంగా పెట్టు. 900 మిల్లీమీటర్ల రాడ్డుతో చక్రాలు 50 మిల్లీమీటర్లు లేస్తే ఇరుసు పక్కకు జరిగేది 1.4 మిల్లీమీటర్లే. రాడ్డు 500కు తగ్గితే జరుగుడు 2.5 అవుతుంది. పొడవైన రాడ్డునే 50 మిల్లీమీటర్లు వాలుగా బిగిస్తే, అదే కదలికలో 4 మిల్లీమీటర్లు దాటుతుంది. వాట్ లింకేజీ (రెండు అడ్డ కడ్డీలతో ఇరుసును పట్టే పద్ధతి) ఈ జరుగుడును దాదాపు లేకుండా చేస్తుందన్నది నిజమే కాని, ఐదు కీళ్లు, మధ్యలో తిరిగే ఒక చేయి, దాన్ని మోసే ఒక చట్రం కావాలి. ఇంగ్లండు చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఐదు కీళ్లను అప్పగించడం నాకు ఇష్టం లేదు. శరీరం వైపు రాడ్డును పట్టే బ్రాకెట్టు కిందికి వేలాడుతుంది కాబట్టి, దాని కొస నుంచి ఎదుటి పక్క ఛాసిస్ పట్టాలకు (శరీరంలోనే భాగంగా కింద నిలువునా సాగే రేకు దూలం) ఒక వాలు గొట్టం తప్పనిసరి. మలుపులో ఆ ఒక్క బోల్టు మీదకు 4,000 న్యూటన్లు రావడం మామూలే.

ఇప్పుడు బ్రాకెట్ల సంగతి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, రేకులే మడిచి అతికిన శరీరం. అందులో వెనుక భాగాన నిజంగా గట్టి చోట్లు తక్కువ. లీఫ్ స్ప్రింగు ముందు కంటిని పట్టే హ్యాంగర్ పెట్టె వాటిలో మొదటిది. సిల్ (తలుపు కింది దూలం) ముగిసేచోటనే ఉంటుంది కాబట్టి కింది లింకులకు ముందు కొస అక్కడే పెట్టు. అయితే నీటినీ బురదనూ పట్టి కుళ్లిపోయేది కూడా ఆ చోటే. స్క్రూడ్రైవరుతో పొడిచి చూసి, తుప్పు రేకును మంచి రేకు వచ్చేవరకు కోసి తీసి, కొత్తది అతికాకే బ్రాకెట్టు గురించి ఆలోచించు. పై లింకు ముందు కొస సీట్ల వెనుక అడ్డంగా ఉన్న భాగానికి వస్తుంది. నీ కారులో రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఇరుసుకు ముందు, ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కాబట్టి వాటి స్థానంలో ఒకే 12 వోల్టుల బ్యాటరీని బూట్‌కు మార్చి, ఆ చోటును ముందే ఖాళీ చేసుకో. అక్కడి పలుచటి రేకుకు నేరుగా బ్రాకెట్టు అతికితే కొన్నాళ్లకు అతుకు చుట్టూ చీలుతుంది. లోపల ఒక 3 మిల్లీమీటర్ల పలక, బయట ఒకటి, రెండింటినీ కలుపుతూ బోల్టు చుట్టూ ఒక గొట్టం ముక్క ఉండాలి. పలకల మూలలు గుండ్రంగా కోయి. బ్రాకెట్లన్నీ బోల్టును రెండు పక్కలా పట్టే రకంగానే చేయి, పట్టు పడేచోట బోల్టు నునుపు భాగం ఉండాలి గాని మర ఉండకూడదు.

ఇరుసు వైపు నీకు ఒక అదృష్టం ఉంది. లీఫ్ స్ప్రింగులు కూర్చునే దిమ్మెలు ఇరుసు గొట్టాల మీద ఉండనే ఉన్నాయి కాబట్టి, కింది లింకుల బ్రాకెట్లను యూ బోల్టులతో వాటికే బిగించు. వెల్డింగ్ అవసరం పై లింకుకూ, పాన్‌హార్డ్‌కూ మాత్రమే ఉంటుంది. గొట్టానికి ఒక పక్కనే పొడవుగా అతుకు వేస్తే అది చల్లబడుతూ ముడుచుకొని ఇరుసును అరటిపండులా వంచుతుంది. హాఫ్‌షాఫ్టులు, సీళ్లు తీసి, గట్టి చట్రానికి బిగించి, పొట్టి అతుకులు ఎదురెదురు పక్కల మార్చి మార్చి వేయించి, చల్లారాక నిటారుగా ఉందో లేదో కొలువు. ఈ అతుకులు మాత్రం సర్టిఫికెట్ ఉన్న వెల్డరు చేతనే వేయించు. నీవు ట్యాకులు (తాత్కాలికంగా పట్టే చిన్న అతుకులు) వేసుకుంటే చాలు. పెట్రోలు ట్యాంకు బూట్ నేల కిందే ఉంటుంది, దాన్ని దించి గ్యారేజీ బయట పెట్టకుండా ఎవరినీ నిప్పు రవ్వ పుట్టించనీయకు.

ట్యాకులు పడ్డాక, స్ప్రింగులు లేకుండా, జాకీతో ఇరుసును కిందినుంచి పైకి 10 మిల్లీమీటర్ల చొప్పున లేపుతూ ప్రతి మెట్టులో మూడు కొలతలు వ్రాసుకో: పినియన్ (ఇరుసులోకి షాఫ్టు చేరేచోటి గేరు) కోణం, ఇరుసు పక్కకు జరిగిన దూరం, ఎడమ కుడి చక్రాలు ముందు వెనుకల మారిన దూరం. తరువాత ఒక పక్క పైకి, రెండో పక్క కిందికి పెట్టి అదే పని చేయి. ఎక్కడైనా జాకీకి బరువు తగిలిందంటే ఏదో కీలు బిగుసుకుందన్నమాట. కొలతలకు ఆధారంగా మడ్‌గార్డు అంచులను తీసుకోకు, ఈ కార్లలో రెండు పక్కలా టైరుకూ అంచుకూ మధ్య ఖాళీ సమానంగా ఉండదు. పాత హ్యాంగర్ రంధ్రాల మధ్య దారం కట్టి మధ్యగీత పట్టుకో. గేరుబాక్సు కొసా పినియనూ రసమట్టం పెట్టి చూస్తే సమాంతరంగా ఉండాలి. బ్రేకు హోసు, హ్యాండ్‌బ్రేకు తీగ పూర్తిగా దిగిన స్థితిలో లాగబడకుండా ఉన్నాయో చూడు. ఇరుసు మరీ కిందికి జారకుండా పట్టే పాత పటకాలను, రబ్బరు బంప్ స్టాపులను పారేయకు. కొత్త డ్యాంపర్లను గొలుసుల్లా వాడడం తప్పు.

స్ప్రింగుల లెక్క ఇప్పుడు వేద్దాం. డ్రైవరుతో, సగం పెట్రోలుతో కారును తూచి, ఇరుసు, చక్రాల బరువు తీసివేస్తే ఒక్కో వెనుక మూలకు సుమారు 200 కిలోలు మిగులుతుందనుకో. సెకనుకు 1.5 ఊపులు కావాలంటే మిల్లీమీటరుకు 18 న్యూటన్ల స్ప్రింగు సరిపోతుంది, 1.75 కావాలంటే 24. మొదటిదానితో మొదలుపెట్టు. కాయిలోవర్‌ను (డ్యాంపర్ చుట్టూ స్ప్రింగు ఉన్న జతను) 30 డిగ్రీలు వాల్చితే దాని గట్టిదనంలో నాలుగో వంతు పోతుంది, 15 డిగ్రీలయితే పోయేది 7 శాతమే. వాటి పై కొసలను పాత లీవర్ డ్యాంపర్ల చోట బిగించే తయారు కిట్లు బజారులో దొరుకుతాయి. ఆ చోటు డ్యాంపర్ బలానికే తప్ప కారు బరువుకు ఉద్దేశించినది కాదు. రెండు ఛాసిస్ పట్టాలను కలుపుతూ ఇరుసు పైన ఒక అడ్డ గొట్టం కట్టి, దానికి బిగించు. యాంటీ రోల్ బారు ఇప్పుడు వద్దు.

కాగితాల పని చిన్నదే కాని ముందే చేయాలి. 2018 మే నుంచి బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కార్లకు ఎంఓటీ (ఏటా జరిగే వాహన భద్రతా పరీక్ష) మినహాయింపు ఉంది. సస్పెన్షన్ రకాన్నో పద్ధతినో మార్చడం గణనీయమైన మార్పు కిందికి వస్తుంది కాబట్టి, ఆ మినహాయింపును నీవు వదులుకుంటున్నావని అనుకో. ఏటా ఎంఓటీ చేయించు, నీలాంటి పనికి అది మంచిదే. శరీరాన్ని కోయకముందే డీవీఎల్‌ఏకు (వాహనాల రిజిస్ట్రేషను చూసే ప్రభుత్వ సంస్థ), ఇన్సూరెన్సు కంపెనీకి వ్రాసి, జవాబులు దాచుకో.

జాకీతో తీసిన ఆ కొలతలన్నీ పట్టికగా వ్రాసి, ట్యాకులు వేసిన బ్రాకెట్ల ఫోటోలతో సహా నాకు పంపించు. పై లింకు ముందు కొస చోటును అవి చూశాక ఖాయం చేద్దాం, అంతవరకు వెల్డరుకు రోజు ఇవ్వకు. అక్కయ్యకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య