రాత్రిపూట చేతి తిమ్మిరి: మెడ వల్లా, మణికట్టు వల్లా? ఒక టైలర్ అనుభవం

మీరు బ్లౌజులు కుడతారు, కొన్ని నెలలుగా రాత్రి కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది, ఒకరు మెడ నరం అంటే ఇంకొకరు కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నలగడం), ఆపరేషన్ చేయాలన్నారు. చేయించుకుంటే మళ్లీ కత్తెర పట్టగలనా అని మీ భయం. నేనూ టైలర్‌నే అండీ. నాకు రెండు చేతులకూ వచ్చింది. ఎడమచెయ్యి మణికట్టు వంగకుండా కట్టుకునే స్ప్లింట్‌తోనే తగ్గింది, కుడిచేతికి ఆపరేషన్ అయింది. ఇప్పటికీ కుడుతున్నాను.

ఈసారి తిమ్మిరెక్కినప్పుడు మీ చిటికెన వేలు ఎలా ఉందో చూడండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారి, చిటికెన వేలు మాత్రం మామూలుగా ఉంటే మణికట్టునే ముందు అనుమానించాలి. చిటికెన వేలికి వెళ్లే నరం వేరు, అది ఈ దారిలో పోదు. మణికట్టులో కింద ఎముకలు, పైన అడ్డంగా లిగమెంట్ అనే గట్టి పట్టీ. ఆ మధ్య ఇరుకులోంచి వేళ్లను ముడిచే 9 టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి), వాటితోపాటు మీడియన్ నరం వెళ్తాయి. లంగాకు ఒక బొందు పట్టే మడతలో పది బొందులు ఎక్కించారనుకోండి. మడత సాగదు, లోపల ఏ కాస్త వాచినా మెత్తగా ఉన్న నరమే నలుగుతుంది. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు మడుచుకుంటాం, అందుకే రాత్రి ఎక్కువ. లేచి విదిలిస్తే తగ్గుతుంది. మెడ వల్ల అయితే మెడ తిప్పినప్పుడు నొప్పి భుజం మీదుగా చేతిలోకి లాగుతుంది. రెండూ ఉన్నవాళ్లూ ఉంటారు, అందుకే టెస్ట్ అవసరం.

ఆ టెస్ట్ పేరు నర్వ్ కండక్షన్. చేతి మీద చిన్న షాకులిచ్చి నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తోందో చూస్తారు. బొటనవేలు దానంతటదే టక్కున ఎగురుతుంది, చురుక్కుమంటుంది, అంతే. దాంతోపాటు షుగర్, థైరాయిడ్ తప్పకుండా చూపించుకోండి. కుట్టుపని వల్లే అనుకుని చాలామంది ఇవి వదిలేస్తారు. నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని బయటపడింది ఈ తిమ్మిరి వల్లే. గర్భంతో ఉన్నప్పుడు వచ్చేది మాత్రం ఎక్కువమందికి కాన్పు తర్వాత తగ్గిపోతుంది.

తిమ్మిరి వచ్చిపోతూ ఉన్న దశలో స్ప్లింట్ బాగా పనిచేస్తుంది. మెడికల్ షాపులో మణికట్టు బెల్టు అంటే సాగే గుడ్డ పట్టీ చేతిలో పెడతారు, అది కాదు. లోపల రేకు ఉన్నది అడగండి. కొన్నింట్లో ఆ రేకు వెనక్కి వంగి ఉంటుంది. దాన్ని బయటికి తీసి, తిన్నగా చేసి మళ్లీ దూర్చుకోవాలి. మణికట్టు పైకీ కిందికీ వంగకుండా ఉండాలి, వేళ్లు మాత్రం ఆడాలి. బిగించి కట్టొద్దు. రోజూ రాత్రి, కనీసం ఆరు వారాలు. నాలుగు రోజులు కట్టి లాభం లేదని పక్కన పడేయొద్దు.

నరాల బలానికని ఇచ్చే విటమిన్ మాత్రలు బీ12 లోపం ఉంటే దానికి మంచివే, కానీ నరం మీది ఒత్తిడిని అవి తీయలేవు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలో నెలలో హాయిగా ఉంటుంది, తర్వాత తిరగబెట్టవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు కొద్దిరోజులు షుగర్ పెరుగుతుంది, డాక్టరుకు ముందే చెప్పండి.

ఇక అసలు విషయం. నొప్పి తగ్గినంత మాత్రాన నయమైనట్టు కాదు. మాకు కాజాలు కుట్టే ఒకావిడకు రాత్రి నొప్పి పోయింది, తగ్గిపోయిందనుకుంది. సూది వేళ్ల మధ్య నుంచి జారిపోతోంటే కూడా కళ్లద్దాలు మార్చుకుంది గానీ చెయ్యి చూపించుకోలేదు. చూసేసరికి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ పల్లంగా దిగిపోయింది. ఆపరేషన్ చేశారు, అయినా సన్నసూది పట్టు పూర్తిగా తిరిగి రాలేదు. ఆవిడ పనితనం తెలిసినదాన్ని కాబట్టి ఇప్పటికీ బాధేస్తుంది. మీ రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి ఆ కండ పోల్చి చూసుకోండి. తేడా కనిపించినా, పగలు కూడా మొద్దు వదలకపోయినా ఆపరేషన్‌ను వాయిదా వేయొద్దు.

ఆపరేషన్ అంటే ఆ లిగమెంట్‌ను కోసి నరానికి చోటివ్వడం. సాధారణంగా చేతి వరకే మత్తిస్తారు, అదే రోజు ఇంటికి పంపుతారు. కుట్లు రెండు వారాల లోపు తీస్తారు. నాకు రాత్రి మెలకువలు వెంటనే ఆగాయి, వేలి కొసల మొద్దు మాత్రం నెలల మీద తగ్గింది. అరచేతి అడుగున, మణికట్టుకు దగ్గరగా, నొక్కితే నొప్పి కొన్నాళ్లుంటుంది. చపాతీ పిండి పిసికేటప్పుడు, కుర్చీ మీద చెయ్యి ఆనించి లేచేటప్పుడు బాగా తెలుస్తుంది. అది చాలామందికి వచ్చేదే, కంగారుపడకండి.

కత్తెర సంగతి అడిగారు కదా. పట్టగలరు. ముందు హుక్కులు, హెమ్మింగ్, తర్వాత మెషిన్, నాలుగైదు పొరలు కలిపి కోసే పెద్ద కత్తెర అన్నిటికన్నా ఆఖరున. ఆ బలం రావడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. అందుకే కండ బాగానే ఉండి, డాక్టరు ఆగొచ్చంటే, శ్రావణం పెళ్లి ఆర్డర్లు ఒప్పుకోకముందే తేదీ పెట్టుకోండి. టెస్ట్ రిపోర్టులో మైల్డ్, మోడరేట్, సివియర్ ఏది రాశారో, థైరాయిడ్ ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి, చూసి నాకు తెలిసినంత చెబుతాను.