కేసు ఎవరి చేతిలో ఉందో నంబరు చెబుతుంది

ప్రశ్న: పొలం గట్టు తగాదాలో పక్క పొలం వాళ్లు మా నాన్నను (63 ఏళ్లు) కర్రతో కొట్టారు. ఎడమ చెయ్యి విరిగింది. ఎఫ్ఐఆర్ అయి నాలుగు నెలలు దాటింది. కొట్టినవాళ్లను అరెస్టు చేయకుండా నోటీసిచ్చి పంపేశారు. అప్పటి ఎస్సై బదిలీ అయ్యారు. కొత్త ఎస్సై ‘కోర్టులో వేసేశాం’ అంటున్నారు. కోర్టు ఆఫీసులో ‘మాకు రాలేదు’ అంటున్నారు. అసలు కేసు ఎవరి చేతిలో ఉంది? మేం లాయరును పెట్టుకోవాలా?

జవాబు: రెండు చోట్లా మీకు నిజమే చెప్పి ఉండొచ్చు. ఎఫ్ఐఆర్ నమోదైన వెంటనే దాని ప్రతి మేజిస్ట్రేటుకు వెళ్తుంది. ‘కోర్టుకు పంపాం’ అంటే కొన్నిసార్లు అంతే. ఒకవేళ చార్జిషీటే వేసినా, కోర్టు సిబ్బంది దాన్ని పరిశీలించి, గాయాల సర్టిఫికెట్ లేదనో ఒక సాక్షి వాంగ్మూలం జతచేయలేదనో అభ్యంతరం రాసి స్టేషనుకు తిప్పి పంపుతారు. ఇలా తిరిగొచ్చిన చార్జిషీట్లు స్టేషను బీరువాలో నెలల తరబడి పడి ఉండడం నేను చాలాసార్లు చూశాను. పోలీసుల లెక్కలో అది వేసేసినట్టే, కోర్టు లెక్కలో మాత్రం రానట్టే.

కాబట్టి ‘వేశారా’ అని కాకుండా ‘సీసీ నంబరు ఎంత’ అని అడగండి. స్టేషనులో ఉన్నంతకాలం మీ కేసుకు ఉండేది క్రైమ్ నంబరు. చార్జిషీటును మేజిస్ట్రేటు విచారణకు స్వీకరిస్తే సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు పడుతుంది. హత్యాయత్నం లాంటి నేరమైతే ముందు పీఆర్సీ (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు పడి, సెషన్స్ కోర్టుకు అప్పగించాక ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు వస్తుంది. సీసీ నంబరు చెప్పలేకపోతే కేసు ఇంకా దర్యాప్తు అధికారి చేతిలోనే ఉందని అర్థం. ఆయన బదిలీ అయితే ఆ కుర్చీలోకి వచ్చినవారిదే బాధ్యత. ఈకోర్ట్స్ యాప్‌లో ఎఫ్ఐఆర్ నంబరుతో వెతికినా తెలుస్తుంది.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పాలి, నన్నడిగితే ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు ఉన్నాయో చూశారా? దెబ్బ తగిలిన రోజు ఎముక విరిగిందని తేలకముందే కేసు రాస్తే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 115(2), అంటే మామూలు గాయం, పెట్టి ఉండొచ్చు. దానికి శిక్ష ఏడాది లోపే. ఎముక విరిగితే అది తీవ్ర గాయం, 117(2) కిందికి వస్తుంది. శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది. ఆ కర్ర ప్రాణం తీయగలిగేంతటిదైతే 118(2) కూడా పెట్టొచ్చు. ఈ తేడాకు ఆధారం డాక్టరు ఇచ్చే గాయాల సర్టిఫికెట్. దాన్ని ఆసుపత్రి నుంచి తెప్పించుకోవాల్సింది దర్యాప్తు అధికారి. తెప్పించి, సెక్షను మారుస్తూ కోర్టుకు మెమో వేశారో లేదో అడగండి. ఎఫ్ఐఆర్ ప్రతి మీ దగ్గర లేకపోతే ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, డబ్బు కట్టకండి.

అరెస్టు చేయలేదని మీ ఇంట్లో ఎంత బాధగా ఉందో అర్థమవుతోంది. కానీ నోటీసిచ్చి పంపినంత మాత్రాన కేసు నీరుగారిపోయిందని అనుకోకండి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 35వ సెక్షను కింద ఇచ్చేది ఆ నోటీసే. వాళ్లు మిమ్మల్ని గానీ సాక్షులను గానీ బెదిరిస్తే మాత్రం అది వేరే నేరం. అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

మీ నాన్నగారి వాంగ్మూలం సరిగ్గా రాసుకున్నారో లేదో కూడా కనుక్కోండి. అరవై దాటిన వారిని సాక్ష్యం కోసం స్టేషనుకు పిలిపించకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. అలా రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకోవడం కూడా చట్టం ఒప్పదు. ఇక ఖాళీ కాగితం మీద, ఎవరు అడిగినా, సంతకం పెట్టనివ్వకండి.

తొంభై రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదికి గానీ బాధితుడికి గానీ తెలియజేయాలని అదే నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షను చెబుతోంది. మీకు నాలుగు నెలలు దాటింది. ఈ సెక్షను ప్రస్తావిస్తూ ఎస్సైకి ఒక అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద స్టేషను ముద్ర, తేదీ వేయించుకోండి. కదలిక లేకపోతే అదే అర్జీని జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికీ ఫలితం లేకపోతే మేజిస్ట్రేటు కోర్టులో పిటిషను వేయొచ్చు. దర్యాప్తు సరిగా సాగేలా చూసే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని సుప్రీంకోర్టు 2007లోనే సకిరి వాసు కేసులో చెప్పింది. ఆ మెట్టు దగ్గర లాయరు అవసరం. స్తోమత లేకపోతే కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీని కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అర్హత ఉంటే ఉచితంగా లాయరును ఇస్తారు.

చార్జిషీటు నంబరయ్యాక మీ తరఫున కేసు నడిపేది ప్రభుత్వ లాయరు, అంటే ఏపీపీ. ఆయనకు మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు. సొంత లాయరును పెట్టుకున్నా ఆయన ఏపీపీకి సాయపడగలరే తప్ప కోర్టు అనుమతి లేకుండా కేసును తన చేతుల్లోకి తీసుకోలేరు. ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం చేయకండి. ‘ఇది సివిల్ తగాదా’ అనో ‘ఆధారాల్లేవు’ అనో పోలీసులు కేసు మూసేస్తే మీకు రిఫర్ నోటీసు వస్తుంది. అది చేతికందిన రోజే తేదీ రాసుకుని లాయరును కలిసి, కేసు మూసేయడాన్ని వ్యతిరేకిస్తూ కోర్టులో ప్రొటెస్టు పిటిషను వేయించండి.

ఎక్స్‌రే ఫిల్ము, ఆసుపత్రి చీటీలు ఇంట్లో ఉంటే ఇవాళే ఫొటోలు తీసి పెట్టుకోండి. అసలువి దర్యాప్తు అధికారి అడిగితే ఇవ్వండి, రసీదు తీసుకున్నాకే.