సందేహాలు – సమాధానాలు: ‘లోతైన వంటకం’ కాదు, లోతు ప్యాను

సందేహం: మా అమ్మాయి ఇంట్లో ఓవెన్‌లో మందపాటి పిజ్జా చేస్తానంటే ‘డీప్ డిష్ బేకింగ్ పాన్’ కోసం వెతుకుతున్నాను. ఆన్‌లైన్ అమ్మకపు వివరాల్లో ఒకచోట ‘లోతైన వంటకం బేకింగ్ పాన్’ అనీ, మరొకచోట ‘లోతైన డిష్ పాత్ర’ అనీ కనిపించింది. వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణాల్లో అడిగితే ఒకరు కేకు టిన్ను, ఇంకొకరు తాంబాళం చూపించారు. ఈ వస్తువును తెలుగులో ఏమనాలి? గిన్నె అనవచ్చునా? ఏమని అడిగితే సరైనది దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ‘లోతైన వంటకం’ అన్నది తప్పు. ఇంగ్లీషులో ‘డిష్’ అనే మాటకు వండిన పదార్థమనీ, దాన్ని ఉంచే పాత్ర అనీ రెండర్థాలున్నాయి. యంత్రానువాదం మొదటి అర్థాన్ని పట్టుకొని, వంటకానికి లేని లోతును అంటగట్టింది. ఇక్కడ కావలసినది రెండో అర్థం. అంచులు బాగా పైకి లేచిన వెడల్పాటి పళ్లెమే ‘డీప్ డిష్’. అందులో కాల్చిన పిజ్జాకూ ఆ పాత్ర పేరే స్థిరపడింది. ఈ పిజ్జాకు పుట్టినిల్లు అమెరికాలోని షికాగో నగరం. 1943లో అక్కడ తెరిచిన పిజ్జేరియా ఊనో పేరు దీనితో ముడిపడి ఉంది. పిండిని నూనె రాసిన పాత్ర అడుగున పరచి, వేళ్లతో ఒత్తుతూ గోడల మీదికి ఎక్కించి, ఆ గుంటలో ముందుగా చీజు, తరువాత తక్కిన దినుసులు, అన్నిటికన్నా పైన టమాటా గుజ్జు వేస్తారు. పైన వేయవలసిన చీజు అడుగుకు పోవడానికి కారణం, ఇంత మందంగా ఉన్నది లోపలిదాకా కాలడానికి చాలాసేపు పట్టడం, అంతసేపు పైన ఉంటే చీజు మాడిపోవడం.

పాత్ర పేరు పదార్థానికి రావడం మీ ప్రాంతం వారికి కొత్త విషయం కాదు. సర్వ అనే పాత్రలో చేసేది సర్వపిండి, గిన్నెలో చేసినందుకు కొన్ని ఊళ్లలో అదే గిన్నెప్ప, తపేలా పేరుతో ఇంకొన్నిచోట్ల తపాలచెక్క. ఇందులోని ‘సర్వ’ను సంస్కృత శబ్దంగా భావించి, అన్ని దినుసులూ పడతాయి గనుక ఆ పేరు వచ్చిందని వివరించేవారు కొందరున్నారు, వినడానికి బాగుంటుంది గాని, పాల సర్వ, నీళ్ల సర్వ అని రోజూ అనే ఇళ్లలో ఆ వివరణ నిలవదు. చేసే తీరును చూసినా పాత్ర ప్రాధాన్యం తెలుస్తుంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లాకు, కారం కలిపిన ముద్దను సర్వ లోపల అడుగు నుంచి గోడల మీదికి పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచుతారు. ఒకటి తీసిన తరువాత పాత్రను నీళ్లతో చల్లార్చనిదే రెండోదాన్ని ఒత్తడం కుదరదు. సర్వపిండిని ఎవరైనా ‘సమస్త పిండి’ అని అనువదిస్తే మనకు నవ్వు వస్తుంది. ‘లోతైన వంటకం’ కూడా సరిగ్గా అటువంటిదే.

ఇక ‘లోతైన’ అనాలా, ‘లోతు’ అనాలా అన్న ప్రశ్న మీరు అడగలేదు గాని, మీ సందేహంలో అసలు చిక్కు అక్కడే ఉంది. తెలుగులో ‘తెల్లని కాగితం’ అంటే రంగు తెల్లగా ఉన్న కాగితమని వర్ణిస్తున్నాం. ‘తెల్లకాగితం’ అంటే ఏమీ రాయని కాగితమని ఒక రకానికి పేరు పెడుతున్నాం. ‘నల్లరేగడి’ అనే రైతు ‘నల్లని రేగడి’ అనడు. ‘ఐన’, ‘ని’ వంటివి చేరినప్పుడు ఆ మాట ఎదుట ఉన్న ఒక వస్తువు గుణాన్ని చెబుతుంది. అవి లేకుండా నేరుగా సమాసంగా కలిసినప్పుడు ఒక జాతి వస్తువుకు పేరవుతుంది. ఇది మినహాయింపులు లేని సూత్రం కాదు, అయినా వాడుకలో ఎక్కువగా నిలిచే తేడా. కాబట్టి ‘ఈ గిన్నె చాలా లోతైనది’ అనడం సహజం. ఒక రకం పాత్రకు పేరు కావాలంటే ‘లోతు గిన్నె’, ‘లోతు పళ్లెం’ అనడమే పద్ధతి. పైగా ఈనాటి పత్రికల భాషలో ‘లోతైన’ అన్నది అవగాహనకూ అధ్యయనానికీ అతుక్కుపోయింది, వంటింట్లోకి వస్తే కొంత బరువుగానే వినిపిస్తుంది.

గిన్నె అనవచ్చునా అంటే, అనవద్దనే నా అభిప్రాయం. గిన్నె అనగానే మనసులోకి వచ్చేది గుండ్రదేరిన అడుగు, వెడల్పుతో పోలిస్తే ఎక్కువ లోతు. గంజు, బగోన అంటే అన్నం, కూర వండే పాత్రలు గుర్తుకొస్తాయి. తాంబాళానికి అంచు ఉంటుంది గాని పిండి ఎక్కడానికి అది చాలదు. మీకు దాన్ని చూపిన దుకాణదారు ‘డిష్’ను పళ్లెంగా సరిగానే అర్థం చేసుకొని, ‘డీప్’ను వదిలేశాడు. చదునైన అడుగు, పైకి లేచిన గోడలు ఉన్నదానికి మన మాటల్లో దగ్గరిది పళ్లెమే, కనుక వివరించవలసి వచ్చినప్పుడు ‘లోతు పళ్లెం’ అనండి. పేరుగా మాత్రం ‘లోతు బేకింగ్ ప్యాను’ అన్నా దోషం లేదు. తెలుగు మాట పక్కన ఇంగ్లీషు మాట చేరితే సమాసం చెడుతుందన్న పట్టింపు ఉన్నవారు రైలుబండి ఎక్కడం, స్టీలు గిన్నెలో తినడం మానుకోవలసి వస్తుంది. దీనికోసం ‘భర్జన పాత్రిక’ వంటి మాటలు పుట్టించనక్కర లేదు. భర్జనమంటే వేయించడం, ఓవెన్‌లో జరిగేది అది కాదు.

దుకాణంలో పేరు కంటే కొలత ఎక్కువ పని చేస్తుంది. ‘రెండించుల లోతున్న గుండ్రటి కేకు టిన్ను, అడుగు ఊడిరానిది’ అని అడగండి. ఇక్కడ రెండు మాటల పట్ల జాగ్రత్త అవసరం. లోతు అంటే లోపల అంచు నుంచి అడుగుకు ఉన్న దూరం, ఎత్తు అంటే బయట నేల నుంచి అంచుకు ఉన్న దూరం. అంచు చుట్టి ఉన్న మందపాటి పాత్రల్లో ఈ రెండూ ఒకటి కావు, పెట్టెల మీద మాత్రం ఏదో ఒకటే రాసి ఉంటుంది. అలాగే గోడలు వాలుగా ఉంటే పై వెడల్పు వేరు, అడుగు వెడల్పు వేరు. వ్యాసం అని శాస్త్రీయంగా అడిగితే మాత్రం దుకాణంలో పని జరగదు, అక్కడ ‘వెడల్పు’ అనే అంటారు. ఎనిమిదించుల వెడల్పు, రెండించుల లోతు ఉన్న నిలువు గోడల పాత్రలో లీటరున్నరకు కొంచెం పైగా పడుతుంది. తొమ్మిదించులదైతే రెండు లీటర్లు దాటుతుంది. వెడల్పు ఒక్క ఇంచు పెరిగితే పిండి పావు వంతుకు పైగా పెరుగుతుందన్నమాట, కనుక ఒక కొలతకు రాసిన పాళ్లను ఇంకొకదానికి యథాతథంగా వాడకూడదు. ఓవెన్ లోపల ప్యాను చుట్టూ వేడిగాలి తిరగడానికి కనీసం ఒక ఇంచు ఖాళీ మిగలాలి. కొనడానికి వెళ్లేముందు ఓవెన్ లోపలి కొలత రాసుకొని వెళ్లండి.

అడుగు ఊడిరానిది అనడానికి కారణం నూనె. ఈ పిజ్జాకు ప్యానులో నూనె ధారాళంగా వేస్తారు, అడుగు విడిగా ఉంటే అది సందులోంచి కారి కింది కడ్డీల మీద పడి పొగ లేస్తుంది. నల్లటి ప్యాను సెగను ఎక్కువగా పీల్చుకొని అడుగును తొందరగా ఎర్రగా కాలుస్తుంది, మెరిసే అల్యూమినియం నిదానంగా కాలుస్తుంది. ఎర్రటి గట్టి అడుగు కావాలంటే నల్లదే మేలు. గాజుది వద్దనను గాని, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ఓవెన్‌లో పెడితే పగిలే ప్రమాదం ఉంది. ఇంట్లో అమ్మమ్మల నాటి ఇత్తడి పళ్లెం సరిగ్గా ఈ ఆకారంలోనే ఉన్నదని దాన్ని వాడాలనుకుంటే మాత్రం వద్దు: దాని లోపలి కళాయి తగరం, అది 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పిజ్జా కాల్చే వేడి తరచుగా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది.

చివరగా వర్ణక్రమం. మీరు ‘పాన్’ అని రాశారు. అది చదివినవారికి ముందుగా తమలపాకూ, ఆ తరువాత పన్ను కార్డూ తోస్తాయి. బ్యాంకు, బ్యాగు అని రాస్తున్నట్టే ‘ప్యాను’ అని రాస్తే ఈ గందరగోళం ఉండదు, బహువచనం ‘ప్యాన్లు’.