స్టాటిన్ వేసుకుంటూ బరువులెత్తొచ్చా?
కొలెస్ట్రాల్ తగ్గించే అటార్వాస్టాటిన్ (ఒక రకం స్టాటిన్) మొదలుపెట్టాక తొడలు పట్టేస్తున్నాయి, మాత్ర మానేయాలా జిమ్ మానేయాలా అని అడిగారు కదా అన్నా, డాక్టర్‌ని అడక్కుండా మాత్ర మాత్రం ఆపకండి. స్క్వాట్స్ నొప్పి మామూలుగా కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది, మాత్ర వల్లయితే ఎక్కువగా రెండు కాళ్లలోనూ ఒకేలా ఉండి, లెగ్ డే (కాళ్ల వర్కవుట్) లేని వారంలో కూడా వదలదు. సీకే టెస్ట్ (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్‌ని చూసే పరీక్ష) చేయించండి, మీ జయనగర్‌లో ల్యాబులకు కొదవా! కానీ దానికి ముందు ఓ వారం బరువుల జోలికి వెళ్లొద్దు, వర్కవుట్ వల్ల కూడా ఆ రీడింగ్ బాగా పెరుగుతుంది, అప్పుడు నేరం అనవసరంగా మాత్ర మీదకి పోతుంది. థైరాయిడ్, విటమిన్ డి తేడా వల్ల కూడా కండరాల నొప్పులు రావొచ్చు, అవి కూడా చూపించుకోండి. నిజంగా మాత్రే కారణమైతే డాక్టర్ డోసు తగ్గిస్తారు, లేదా రోసువాస్టాటిన్ లాంటి వేరే స్టాటిన్‌కి మారుస్తారు. నొప్పి భరించలేనంతగా ఉన్నా, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా టెస్టులూ వారాలూ అనుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.