నాలుగు చాలా, ఆరు కావాలా?

ప్రశ్న: ఎఫ్ఎమ్ సింథసిస్ (ఒక తరంగంతో మరో తరంగాన్ని కదిలించి కొత్త స్వరాలు పుట్టించే పద్ధతి) ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. యమహా డీఎక్స్7 సింథసైజర్‌లో ఆరు ఆపరేటర్లు (తరంగాన్ని పుట్టించే భాగాలు), అదే కంపెనీ టీఎక్స్81జెడ్‌లో నాలుగే. నాలుగుతో చేయలేనివి చాలా ఉంటాయా సార్?

జవాబు: అంకె చూసి తేల్చేయకండి. 1983 నాటి డీఎక్స్7లో ప్రతి ఆపరేటరూ సైన్ వేవే, అంటే నునుపైన సాదా తరంగమే, ఇస్తుంది. 1987లో వచ్చిన టీఎక్స్81జెడ్‌లో ఒక్కోదానికీ ఎనిమిది వేవ్‌ఫామ్‌లు, అంటే తరంగ ఆకారాలు, ఉన్నాయి. సైన్ కానిదాన్ని మాడ్యులేటర్‌గా (ఇంకో ఆపరేటర్‌ని కదిలించేదిగా) పెడితే రెండు ఆపరేటర్ల పని ఒక్కటే చాలావరకు చేసేస్తుంది. బేస్ (లోతైన మంద్ర స్వరం) కావాలంటే నా చేయి ముందు టీఎక్స్81జెడ్ మీదికే పోతుంది.

ఎలక్ట్రిక్ పియానోకి మాత్రం డీఎక్స్7 తర్వాతే ఏదైనా. ఐదో అల్గారిథమ్ (ఆపరేటర్లను కలిపే అమరిక) తీయండి, మూడు జతలు విడివిడిగా పలుకుతాయి. ఒక జతలో క్యారియర్ (మనకు వినిపించే ఆపరేటర్) నిష్పత్తి, అంటే నొక్కిన స్వరం ఫ్రీక్వెన్సీకి ఎన్ని రెట్లో, 1, మాడ్యులేటర్‌ది 14 పెట్టి, మాడ్యులేటర్ ఎన్వలప్ (కాలంతో పాటు దాని బలం మారే తీరు) చటుక్కున పడిపోయేలా చేయండి. కీ నొక్కగానే లోహం తగిలినట్టు 'టింగ్'మని మాయమవుతుంది, మిగతా జతలు స్వరాన్ని నిలబెడతాయి. ఆ మాడ్యులేటర్‌కి వెలాసిటీ సెన్సిటివిటీ (కీ కొట్టే వేగానికి స్పందన) పెంచారా, గట్టిగా కొట్టినప్పుడే ఆ మెరుపు! వేళ్ల బలానికి స్వరం రంగే మారిపోతుంది. ఎఫ్ఎమ్ మీద నాకున్న ప్రేమంతా అక్కడే. అదే 14ని 3.5 చేసి, ఎన్వలప్‌లు సాగదీసి వినండి, గంట మోగుతుంది.

నాలుగు ఆపరేటర్లంటే రెండు జతలే కాబట్టి ఇలా పొరలు పేర్చడం టీఎక్స్81జెడ్‌లో కష్టం. మీకు పియానోలు, గంటలు ఇష్టమైతే ఆరుదే తీసుకోండి.