ఫ్రెంచ్ విప్లవానికి రాజకీయ కారణాలు ఏమిటి?

పన్నులు, రొట్టె ధరల గురించి అందరూ చెబుతారు. రాజకీయంగా అసలు చిక్కు వేరే: దేశ ప్రజలందరి తరఫున రాజును నిలదీసే వేదికే లేదు. మూడు వర్గాల ప్రతినిధుల సభ ఎస్టేట్స్ జనరల్‌ను 1614 తర్వాత 175 ఏళ్లు పిలవనేలేదు. రాజముద్ర వేసిన ఒక్క ఉత్తరంతో ఎవరినైనా విచారణ లేకుండా జైల్లో పెట్టొచ్చు. అప్పటి రాజు పదహారో లూయీ క్రూరుడేమీ కాదు గానీ, ఏ నిర్ణయం మీదా గట్టిగా నిలబడడు.

ఖజానా ఖాళీ అయ్యాక 1789 మేలో సభ పెట్టాడు. పాత పద్ధతిలో ఓటు మనిషికి కాదు, వర్గానికి ఒకటి. మతగురువులు, ప్రభువులు కలిస్తే చాలు, దేశంలో దాదాపు అందరూ ఉన్న మూడో వర్గం ఓడిపోవాల్సిందే. వాళ్లు ఒప్పుకోలేదు, జూన్ 17న తమనే జాతీయ సభగా ప్రకటించుకున్నారు. రాజు సైన్యాన్ని పారిస్ చుట్టూ దించి, జనం నమ్మిన మంత్రి నెక్కర్‌ను జులై 11న తీసేశాడు. మూడు రోజులకే పారిస్‌లో జైలుగా వాడే బాస్టిల్ కోట జనం చేతికి చిక్కింది.