చిత్రకళ: పాఠకుల సందేహాలు

ప్రశ్న: వడ్డాది పాపయ్య (వపా) గారు పాత ‘యువ’ మాసపత్రికకు వేసిన ముఖచిత్రం చూసి కాన్వాస్ మీద అక్రిలిక్‌లో వేశాను. చీర రంగు మార్చి, బొమ్మను ఎడమ నుంచి కుడికి తిప్పాను. ముప్ఫై శాతం మారిస్తే కాపీ కాదంటున్నారు. నా సంతకంతో అమ్ముకోవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: అమ్మొద్దు. ఆ ముప్ఫై శాతం లెక్క 1957 కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. ఎవరు పుట్టించారో గానీ బొమ్మలేసేవాళ్లున్న ప్రతి ఊళ్లోనూ తిరుగుతోంది. చూడాల్సింది ఏం మారిందని కాదు, ఏం మిగిలిందని. మెడ వంపు, కొంగు జారిన తీరు, చెట్టుకీ మనిషికీ మధ్య వదిలిన జాగా వపా గారివే అయితే, చీర ఏ రంగుదైనా అది నకలే. తిప్పినా అంతే. పైగా తిప్పితే పైట కుడి భుజం మీదికొస్తుంది, తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

మీ ఊళ్లోనే పుట్టిన వపా గారు 1992లో పోయారు. ఆ మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, అంటే 2052 ఆఖరు దాకా హక్కులుంటాయి. అవి వారసులవా, పత్రికవా అన్నది అప్పటి ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఎవరివైనా రాతపూర్వక అనుమతి తప్పదు. 1906లో పోయిన రవివర్మ బొమ్మలకు ఈ బెడద లేదు.

నేర్చుకోవడానికైతే నిక్షేపంగా వేయండి. అచ్చుబొమ్మ మీద అంగుళం గళ్లు, కాన్వాస్ మీద మూడంగుళాల గళ్లు గీసుకోండి. పాత కాగితం పసుపెక్కి నీలాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. వాటినే నమ్మి రంగు కలిపితే ఆకాశం మురికిగా వస్తుంది. ‘వపా’ సంతకం మాత్రం దించకండి, అది ఫోర్జరీ దాకా పోతుంది. ‘వడ్డాది పాపయ్య చిత్రానికి నకలు’ అని, మీ పేరూ తేదీతో వెనకవైపు గుడ్డ మీదే చెరగని సిరాతో రాయండి. ఫ్రేము కర్ర మీద రాస్తే, కర్ర మారిన రోజున రాత కూడా పోతుంది.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో పెట్టిన నా సంక్రాంతి బొమ్మను, కింద సంతకం కత్తిరించి ఎవరో క్యాలెండర్ వేశారు. నాకు కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేదు.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: లేకపోయినా హక్కు మీదేనమ్మా, బొమ్మ వేసిన రోజే వచ్చింది. ముందే ఫోన్ చేసి తిట్టకండి, సాక్ష్యం మాయమవుతుంది. రెండు క్యాలెండర్లు బిల్లుతో కొనండి. మీ పోస్టు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్, పెన్సిల్ చిత్తులు, అసలు ఫైలు దగ్గర పెట్టుకుని అప్పుడు లాయరు నోటీసు పంపండి. పేరు తీసేయడం కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కిందికి వస్తుంది. అచ్చు శివకాశిలో జరిగినా, సెక్షన్ 62 ప్రకారం మీరుండే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. రిజిస్ట్రేషన్‌కు ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి.

ఇకపై చిన్న సైజు ఫైలే పెట్టండి. సంతకం మూలన కాకుండా పొంగలి కుండ అంచు మీద చేయండి. దాన్ని కత్తిరించాలంటే కుండే పోవాలి.